ఎదురుగా కూర్చుని కుట్టిన బెల్టు

పాపకి చొక్కా తొడుగుతూ "ఎడం చెయ్యి ఇవ్వమ్మా" అన్నాను. బుద్ధిగా ఎడం చెయ్యే చాపింది. అది నా కుడివైపుంది. రోజూ అక్కడే ఉంటుంది. ఈ పొద్దున మాత్రం ఆ చిన్న చెయ్యి చూసి, చొక్కా పట్టుకుని అలాగే ఆగిపోయాను.

నేను బెల్టులు కుడతాను, చూపు లేనివాళ్ళు నడుముకి కట్టుకునేవి. బయటివైపు సెన్సర్లు, లోపలివైపు రెండు బిళ్ళలు ఉంటాయి. ఎడమ పక్క ఏదైనా అడ్డమొస్తే ఎడమ నడుము మీద బిళ్ళ జుయ్‌మంటుంది, కుడి పక్కైతే కుడి మీద. కొలతకని వర్క్‌షాపు వాళ్ళిచ్చిన బొమ్మ మొండెం మా వంటింట్లోనే నిలబడి ఉంటుంది. "నీ తోడికోడలే నయం, నోరెత్తదు" అంటుంది మా అత్తగారు దాన్ని చూపించి. దాని వెనకాల కూర్చునే కుట్టాలని నియమం. అప్పుడే దాని ఎడమ నా ఎడమ అవుతుంది.

నిన్న పాపకి ఒళ్ళు వెచ్చగా ఉంది. మొండెం వెనకాల కూర్చుంటే గుమ్మం దగ్గర ఆడుకుంటున్న పాప నాకు కనిపించదు. కనిపించకపోతే ఊపిరాడదు. పొయ్యి, కత్తిపీట, నీళ్ళ బకెట్టు అన్నిటికీ కాళ్ళొచ్చి పాప మీదికే నడుస్తున్నట్టు ఉంటుంది. పీట ఇటు లాక్కుని, మొండానికి ఎదురుగా కూర్చుని బిళ్ళలు కుట్టేశాను. సాయంత్రం బెల్టు పంపేశాను కూడా. ఈ రోజు పదింటికి దాన్ని కట్టుకుని వీధిలోకి నడిచేది మా పరీక్షక్క.

అందరూ ఆవిణ్ణి అలాగే పిలుస్తారు. పుట్టినప్పటినుంచీ చూపు లేదు. కొత్త బెల్టు ఏదైనా ముందు ఆవిడే కట్టుకుని, చేతికర్రతో బజారంతా తిరిగొచ్చి, ఏం బాగుందో ఏం బాలేదో చెబుతుంది. ఒకసారి నా కుట్టు మీద వేలు నడిపి, "ఇక్కడ దారం తెగితే మళ్ళీ ముడేశావు కదూ?" అంది. తొమ్మిదో తరగతిలో నన్ను బడి మాన్పించాక, నేను చేసిందేదైనా అంత శ్రద్ధగా చదివింది ఆవిడొక్కతే.

వర్క్‌షాపుకి ఫోన్ చేశాను. ఎవరూ ఎత్తలేదు.

"సెన్సర్‌దే తప్పనుకుంటారు, నోరు మూసుకుని ఊరుకో" అన్నారు మా ఆయన, అద్దంలో తల దువ్వుకుంటూ. "వెళ్ళి చెప్పావో, పని ఊడుతుంది. నీకెప్పుడూ లేనిపోని భయాలే."

పాపని చంకనేసుకుని పరిగెత్తాను.

వర్క్‌షాపు వీధి మలుపులో ఎడమ పక్క ఒక వ్యాను సగం కాలిబాట మీదికెక్కి ఉంది. దానికి జానెడు దూరంలో పరీక్షక్క కదలకుండా నిలబడి ఉంది.

"అక్కా, కదలకండి! ఎడమా కుడీ తారుమారయ్యాయి!"

"కదల్లేదులే" అని నవ్విందావిడ. "బెల్టు కుడి పక్కంటోంది, కర్ర ఎడం పక్కంటోంది. మొగుడూ పెళ్ళాల తగువులా ఉంది. తేలేదాకా ఆగుదామని నిలబడ్డాను."

పక్కనే ఉన్న సూపర్‌వైజర్ పుస్తకంలో 'సెన్సర్ లోపం' అని రాసుకుంటున్నాడు. మా ఆయన చెప్పినట్టే అయింది. నేను ఊరుకుంటే చాలు, నా పని నాకుంటుంది.

"సెన్సర్ కాదు సార్. నేనే. ఎదురుగా కూర్చుని కుట్టాను."

"వెనకాల కూర్చోమని లక్షసార్లు చెప్పాం కదమ్మా! పిల్లనెత్తుకుని ఇంట్లో కూర్చోక నీకెందుకీ పని?"

"ఆగండి సార్" అంది అక్క. "ఈ అమ్మాయి చెప్పకపోతే ఆ సెన్సర్లు విప్పుకుంటూ వారం కూర్చునేవాళ్ళు మీరు." నా వైపు తిరిగింది. "ఎలా తెలిసింది నీకు?"

"పాపకి చొక్కా తొడుగుతుంటే. నాకు పిచ్చి భయం అక్కా, ఇంట్లో అందరూ అదే అంటారు."

"ఈ బెల్టూ అంతేగా, పొద్దస్తమానం జుయ్‌మంటూనే ఉంటుంది. దాన్ని పిచ్చిదంటానా? ఎటువైపో సరిగ్గా చెబితే చాలు, నడక నేను చూసుకుంటాను." ఆ తర్వాత సూపర్‌వైజర్‌తో, "ఇకమీదట బెల్టులన్నీ నాకంటే ముందు ఈ అమ్మాయి కట్టుకుని నడవాలి. పొద్దున్నే ఎనిమిదింటికి. లేకపోతే నేను కట్టుకోను" అంది.

ఆయన పుస్తకంలో ఏదో కొట్టేసి, ఏదో రాసుకున్నాడు.

అక్కడే కూర్చుని బిళ్ళలు విప్పి మళ్ళీ కుట్టాను. బెల్టు నా నడుముకి కట్టుకున్నాను. ఇన్ని కుట్టాను, ఒక్కటీ కట్టుకుని ఎరగను. కళ్ళు మూసుకోవాలంటే పాప? అక్క చెయ్యి చాపింది. పాప వేలు ఆ చేతిలో పెట్టాను. పాప పుట్టిన ఈ రెండేళ్ళలో, మెలకువగా ఉండి దాన్ని చూడకుండా నడిచిన మొదటి అడుగులవి. ఎడమ నడుము జుయ్‌మంది. కుడికి జరిగాను. దేనికీ తగల్లేదు. వెనక పాప నవ్వు వినిపిస్తూనే ఉంది.

సాయంత్రం మా ఆయన చెప్పులైనా విప్పకుండానే, "తీసేశారా?" అన్నారు.

"లేదు. రేపట్నుంచి ఎనిమిదింటికే వెళ్ళాలి. పాపకి మీరే చొక్కా తొడగాలి."

"నాకెక్కడొచ్చు అవన్నీ?"

"ఎదురుగా కూర్చోండి" అన్నాను. "మీ కుడివైపున్నది దాని ఎడం చెయ్యి. అదొక్కటీ గుర్తుపెట్టుకుంటే చాలు."