అయిపోయిందన్నాక

ఆ వీధిలో టైలరక్క కుట్టిన బట్టకు వంక పెట్టినవాళ్లు లేరు. ఆఫీసు కోట్లయినా, ఆడపిల్లల గౌనులైనా ఆమె చేతి కుట్టే కావాలి. కొలతలివ్వడానికి మాత్రం ఎవరూ గడప దాటరు. పాత గౌనొకటి సంచిలో పెట్టి, "దీని కొలతకే కుట్టెయ్ అక్కా!" అని బయటినుంచే కేకేస్తారు. మగపిల్లాడిగా పుట్టి ఆడమనిషిగా బతుకుతున్న మనిషి చెయ్యి తమ ఒంటికి తగలకూడదని వాళ్ల జాగ్రత్త. పిలుపులో మాత్రం ప్రేమకు లోటు లేదు. ఇందులో తప్పేముందని పాఠకులు అనుకోవచ్చు. మనమూ ఎప్పుడో ఒకప్పుడు అలాంటి సంచి పంపినవాళ్లమే.

అందుకే, ఊళ్లో స్టూడియో ఉన్న ఫొటోగ్రాఫర్ ఒకతను చెప్పులు విప్పి లోపలికొచ్చి, ముక్కాలిపీట లాక్కుని కూర్చున్న రోజు ఆమెకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

"అందమైనవాళ్ల మొహాలు చూస్తే నాకు ఆవలింతలొస్తాయండీ. లోకం పక్కకు నెట్టేసినవాళ్ల మొహాల్లోనే నిజం ఉంటుంది. నా కెమెరా వాళ్లకే. మీరూ ఓసారి మా స్టూడియోకి రండి," అన్నాడతను.

ఉత్తుత్తి మాటలు కావవి. చెత్త ఏరుకునేవాళ్లూ, బొల్లి వచ్చినవాళ్లూ, జైలు నుంచి విడుదలైనవాళ్లూ అతని స్టూడియోలో కూర్చుని టీ తాగారు. అతను ఎవరినీ ఏకవచనంలో పిలవడు.

"వస్తాను సార్. కానీ నాకో ఫొటో ఇవ్వాలి, మా అమ్మకి పంపడానికి," అంది టైలరక్క.

తల్లి ఆమెను చూసి పన్నెండేళ్లయింది. చెల్లెలు ఇంతకాలం బతిమాలగా బతిమాలగా, మొన్ననే ఆ తల్లి మెత్తబడింది. "ముందు ఫొటో పంపమను. చూశాక చెప్తా, నాకు కూతురో కాదో," అంది. ఆ ఒక్క ఫొటో మీదే టైలరక్క ప్రాణమంతా ఉంది.

"అదెంత పనండీ, తప్పకుండా ఇస్తాను," అన్నాడు ఫొటోగ్రాఫర్.

తన కోసం ఆమె లేత నీలం గౌను కుట్టుకుంది. గడ్డం రెండుసార్లు నున్నగా గీసుకుని, పౌడరు అద్దుకుని, పలచబడ్డ జుట్టుకు సవరం బిగించుకుని వెళ్లింది. "గడ్డం కొంచెం దించండి... చేతులు ఒళ్లో పెట్టుకోండి..." అంటూ అతను పదకొండుసార్లు నొక్కాడు. ఆమె లెక్కపెట్టుకుంది, వాటిలో ఏది పంపాలా అని.

"అయిపోయిందండీ. ఇక హాయిగా కూర్చోండి," అన్నాడు.

లైట్ల వేడికి ఆమె ఉడికిపోయి ఉంది. ఉస్సురని సవరం తీసి ఒళ్లో పెట్టుకుంది. రుమాలుతో మొహం రుద్దుకుంటే పౌడరంతా ఊడి, చెంపల మీద నల్లటి జీర బయటపడింది. ఎక్కడో టిక్కుమంది. కెమెరా సర్దుకుంటున్నాడనుకుంది, పిచ్చితల్లి.

పది రోజులకు చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, పేపర్లో నీ ఫొటో వచ్చింది. ఏదో ఎగ్జిబిషనట. 'అసలు ముఖం' అని పేరు పెట్టారు. నువ్వు సవరం తీసేసి ఉన్నావు."

"అమ్మ చూసిందా?"

"చూసి తెగ సంబరపడిపోయింది. 'మావాడు మావాడే, ఏమీ మారలేదు! ఆ వేషాలు తీసేస్తే నా కొడుకే కదా' అంది. రమ్మంటోంది అక్కా... ప్యాంటూ చొక్కా వేసుకుని."

పన్నెండేళ్ల తర్వాత తల్లి కబురు చేసింది. ఆ కబురు ఇంకెవరికోసమో వచ్చినట్టుంది. టైలరక్క మిషను మీద తల వాల్చి వెక్కివెక్కి ఏడ్చింది.

టైలరక్క వెళ్లేసరికి ఎగ్జిబిషన్ హాల్లో ఆ ఫొటో నిలువెత్తున ఉంది. దాని ముందు ఎవరో పెద్దావిడ కళ్లు తుడుచుకుంటోంది. ఫొటోగ్రాఫర్ సంతోషంగా ఎదురొచ్చాడు.

"చూశారా! అందరూ దీని దగ్గరే ఆగిపోతున్నారు."

"అయిపోయిందన్నారు కదా సార్?"

"అదే నా పద్ధతండీ. అయిపోయిందంటేనే మనిషి ముసుగు తీస్తాడు. అప్పుడే అసలు మొహం చిక్కుతుంది. ఇరవై ఏళ్లుగా ఇంతే."

దాచే ప్రయత్నమైనా చెయ్యలేదు. అది తప్పని అతనికి తట్టనే లేదు.

"సరే, మా అమ్మకిస్తానన్న ఫొటో ఇవ్వండి. ముందు తీసిన పదకొండింట్లో ఒకటి."

"అవా... అవి లైటు చూసుకోవడానికి నొక్కినవండీ. ఎప్పుడూ ఉంచుకోను. చెరిపేశాను."

ఆమె మళ్లీ ఆ నిలువెత్తు ఫొటో వైపు చూసింది.

"నేనూ మనుషుల్ని చూస్తాను సార్," అంది. "చేతికొచ్చిన బట్టను బట్టే ఎవరికి ఒక భుజం వాలిందో, ఎవరు ఆపరేషనై ఒక రొమ్ము పోగొట్టుకున్నారో తెలిసిపోతుంది. లోపల దూది పెట్టి కుడతాను. ఆమె తలెత్తుకుని వీధిలో నడుస్తుంది. అది ముసుగంటారా మీరు? నన్ను బయట నిలబెట్టేవాళ్లను నేనెప్పుడూ నమ్మలేదు, కాబట్టి వాళ్లు నన్ను మోసం చెయ్యలేరు. మిమ్మల్ని నమ్మాను సార్."

"ఇప్పుడే దించేస్తానండీ," అంటూ అతను ఫ్రేము మీద చెయ్యి వేశాడు.

"మా అమ్మ కళ్లలోంచి దించగలరా?"

ఆమె మెట్లు దిగి వెళ్లిపోయింది.

పాఠకులారా, వెలివేసినవాళ్లను దగ్గరకు తీయాలనుకోవడం మంచి మనసే. కానీ ఒక మనిషి తానెవరో తన నోటితో చెప్పుకున్నాక, ఆ మాట పక్కనపెట్టి అసలు ముఖం వెతకబోయేవాడు, ఎంత ప్రేమతో వెతికినా సరే, ఆ మనిషిని మరోసారి వెలివేసినట్టే.