ఉపవాచకంలో బావి

ఎనభై అయిదో సంవత్సరం. ఉరవకొండ అవతల ఒక పల్లె హైస్కూల్లో సుంకమ్మ పదో తరగతి చదివేది. వరసగా మూడేండ్లు వాన మొహం చాటేసింది.

తెలుగులో ఉపవాచకంగా ఒక పాత నవల పెట్టినారు. తరగతి మొత్తానికి నాలుగే పుస్తకాలు. సుంకమ్మది గంట మాదిరి గొంతు కాబట్టి పుస్తకం ఒకటి ఆమె దగ్గరే ఉండేది, తరగతిలో చదివేదీ ఆమే. ముందుగానే కడదాకా చదివేసి, నవల్లో కోడలు బావిలో పడి చచ్చిపోయిన చోట ఏడ్చింది. అమ్మ రామాంజినమ్మకు చెప్తే ఆమె శెనక్కాయ బుడ్డలు ఒలుస్తానే, "పాపం, ఎవురు కన్న బిడ్డో!" అని కండ్లొత్తుకునింది.

మాఘమాసానికి ఊరి బావి అడుగంటింది. ఆడోళ్ళు ఒకరెనక ఒకరు లోపలికి దిగి, ఊటనీళ్ళు చెంబుతో తోడి బిందె నింపుకునేవాళ్ళు. ఒకరోజు రామాంజినమ్మ కాలికింద మెట్టురాయి ఊడింది. అడుగున బండ. మోకులు కట్టి మంచం దించేదాకా ఆమె లోపల్నుంచి "సుంకీ, సుంకీ" అని పిలుస్తానే ఉండె. పైకి తెచ్చినాక పిలుపు లేదు.

పదహైదు దినాలకు సుంకమ్మ మళ్ళా బడికి పోయింది. తెలుగు సారు గంగాధరప్ప, పాఠం యాడిదాకా వచ్చిందో చూసుకోకుండానే, "నువ్వు చదువు సుంకమ్మా" అన్నాడు.

పుస్తకం తెరిస్తే అదే బావి. నిలబడి చదివింది.

"నిండుబావి కన్నతల్లివలె ఆమెను ఒడిలోనికి తీసుకొనెను. ఆమె మోమున చిరునవ్వు చెదరలేదు."

ఆడ ఆగిపోయింది.

"ఊఁ, చదువు."

"ఇది అబద్ధం సార్."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు.

"మాయమ్మ నవ్వలేదు సార్. పండ్లు ఊడిపోయినాయి. ఆడ నీళ్ళు గూడా లేవు."

సారు మొహం నల్లబడింది. "తప్పయిపాయ తల్లీ, కూర్చో" అన్నాడు.

మర్నాటి నుంచి ఆమె రాలేదు. నాలుగోరోజు సారు సైకిలేసుకుని ఇంటికే పోయినాడు. నాయన ఓబుళేసు అరుగు మింద తువ్వాలు పరిచి కూర్చోబెట్టినాడు.

"ఇంక ఒక్క నెలే ఓబుళేసూ. పరీక్షలు రాయనీ."

"నాకు మాత్రం ఆశ లేదా సార్? నేను పొద్దున్నే కరువు పనికి పోతా. చిన్నదానికి నాలుగేండ్లు. నీళ్ళెవురు తెస్తారు, మీరే చెప్పండి."

సుంకమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది. సారు చెంబులోకి చూసి, ఒక్క చుక్క కింద పడకుండా తాగినాడు. ఆమె లోపలికి పోయి నవల తెచ్చింది.

"నీ దగ్గరే పెట్టుకో."

"వద్దు సార్. ఇంకొకరికి ఇయ్యండి."

మార్చిలో ఆ తరగతోళ్ళు పరీక్షలకని ఉరవకొండ బస్సెక్కినారు. అప్పుడు సుంకమ్మ బావి అడుగున గొంతుక్కూర్చోనుంది. బస్సు హారను వినపడింది గానీ తలెత్తి చూడలేదు. చెంబు మునిగేంత నీళ్ళు ఇంకా ఊరలేదు.