నేల మీది గంటలు

ఆ బుధవారం ఇంట్లో ఉన్నది నలుగురు: పొయ్యి పక్కన కుర్చీలో నాయనమ్మ కైన్వెన్, బురద బూట్లు విప్పుతున్న తండ్రి ఇద్వాల్, టీ తాగుతున్న పశువుల డాక్టరు హెవిన్, బల్ల దగ్గర దరఖాస్తు నింపుతున్న ఎలినెడ్. అట్టపెట్టెలో నిద్రపోతున్న తల్లిలేని గొర్రెపిల్లను కూడా కలిపితే ఐదుగురు. బయట సముద్రం వైపు నుంచి వాన అడ్డంగా కొడుతోంది.

హెవిన్ వచ్చింది కుంటుతున్న గొర్రెను చూడటానికి. ఆయన కారు దిగేసరికి అది కంచె దూకి మరీ పారిపోయింది. అయినా ఆయన రసీదు రాసి బల్ల మీద పెట్టాడు.

"అదేంటి డాక్టరూ, సూదైనా పొడవలేదు, అరవై పౌండ్లా?" అన్నాడు ఇద్వాల్.

"వానలో ఇరవై మైళ్లు వచ్చాను. చూశాను. ఏం లేదని చెప్పాను. ఏం లేదని చెప్పడానికే కదయ్యా ఐదేళ్లు చదివింది!"

"ఆ మాట గొర్రె ఊరికే చెప్పింది" అంది నాయనమ్మ.

అందరూ నవ్వారు. ఇద్వాల్ గొణుగుతూనే డబ్బు తీశాడు.

ఎలినెడ్‌కి ఇరవై ఏడేళ్లు. కొండ అవతల గడ్డి మైదానంలో ఉన్న చిన్న క్లబ్బులో విమానం నడపడం నేర్పుతుంది. హెవిన్ కూడా ఆమె శిష్యుడే. ఆ గురుపీఠం ఎక్కడానికి ఆమెకు ఎనిమిదేళ్లూ, అరవై వేల పౌండ్లకు పైగా పట్టాయి. తాత వదిలిన పొలం ముక్క అందులోనే పోయింది. తక్కినదంతా తెల్లవారుజామున రొట్టెల దుకాణంలో పిండి మూటలు మోసి కూడబెట్టింది.

తీరా గురువయ్యాక తెలిసింది, అక్కడ నెల జీతమంటూ లేదని. విమానం కదిలినప్పటి నుంచి ఆగేదాకా గంటకు ఇరవై ఐదు పౌండ్లు. మబ్బు దిగినా, గాలి అడ్డం తిరిగినా సున్నా. వాన ఆ వేల్స్ తీరానికి చుట్టం కాదు, ఇంటిమనిషి.

అందుకే ఆ దరఖాస్తు. జున్ను కర్మాగారంలో ఉద్యోగం. వచ్చే నెల నుంచి. ఆమె ఇంకా ఎవరికీ చెప్పలేదు.

నాయనమ్మ కళ్లద్దాలు సవరించుకుని కాగితం మీదికి వంగింది. "ప్రస్తుతం వారానికి పనిగంటలు... ఆరా? ఏమే, పొద్దున ఏడున్నరకి పోయి, దీపాలు పెట్టే వేళకి వస్తావు. తక్కిన గంటలన్నీ ఎవరింట్లో ఉన్నావే?"

"ఎగిరింది ఆరే, నాయనమ్మా."

పైలట్ల అలవాటు అది. వాళ్ల పుస్తకంలో గాలిలో గడిపిన గంటలే ఎక్కుతాయి. అవే రాసీ రాసీ, రాయనివి అసలు పనిగంటలే కావని ఎలినెడ్ నమ్మేసింది.

హెవిన్ కప్పు కింద పెట్టాడు. "నిన్న మబ్బుల గురించీ గాలుల గురించీ మూడు గంటలు చెప్పావు నాకు. దానికెంత ఇచ్చారు?"

"ఎగరలేదు కదండీ."

ఆయన చూపు బల్ల మీది రసీదుపై పడింది. చెవులు ఎర్రబడ్డాయి. "టీచరమ్మా, నాకు సిగ్గుగా ఉంది" అన్నాడు. "రేపు నేనే వెళ్లి క్లబ్బు నడిపే గ్వెండాని అడుగుతాను."

"వద్దండి" అంది ఎలినెడ్. "అడగాల్సింది నేను."

ఇద్వాల్ తల వంచుకున్నాడు. "ఇష్టపడి పోతోంది కదా, కడుపు నిండినట్టే అనుకున్నానమ్మా" అన్నాడు నెమ్మదిగా.

ఎంతమంది మంచివాళ్లు ఇలాగే అనుకుంటారో ఆలోచించండి. పిల్లలకు పాట నేర్పే ఆమెనూ, రోగుల పక్కన కూర్చునే ఆమెనూ ఇలాగే మెచ్చుకుని, ఇలాగే వట్టి చేతులతో ఇంటికి పంపుతాం.

శనివారం ఎలినెడ్ క్లబ్బు గదిలో నిలబడింది. గ్వెండా చెడ్డ మనిషి కాదు. భర్త పోయాక ఇల్లు కుదువపెట్టి రెండు పాత విమానాలను నిలబెట్టింది.

"గ్వెండా గారూ, నేల మీద చెప్పే పాఠాలకు కూడా డబ్బివ్వండి. లేకపోతే ఒకటో తారీఖు నుంచి రాలేను."

"ఇంధనం, బీమా, మరమ్మతులు... నా దగ్గరెక్కడిదమ్మా? నేనూ నీలాగే మొదలుపెట్టాను. అయినా, పెద్ద ఉద్యోగాలకి కావలసిన ఎగిరే గంటలు పోగేసుకోవడానికి ఊరికే వస్తామనే కుర్రాళ్లు వరసలో ఉన్నారు."

"వస్తారండి. గంటలు నిండగానే పెద్ద విమానాలకి పోతారు. హెవిన్ గారికి రెండేళ్లలో నేను నాలుగో గురువుని. ప్రతివాళ్లూ ఆయనకి మళ్లీ మొదటి పాఠం నుంచే చెప్పారు. ఆ ఖర్చు ఎవరు పెట్టారు? ఇంకొకరైతే క్లబ్బే మానేసేవారు."

గ్వెండా కిటికీలోంచి తడిసిన విమానాలను చూసి, ఎలినెడ్ ముందుకి ఒక కుర్చీ జరిపింది. "కూర్చో. ఎంతలో కుదురుతుందో చూద్దాం."

చివరికి కుదిరింది ఇది: క్లబ్బులో ఉన్న ప్రతి రోజుకూ డెబ్బై పౌండ్లు. ఎగిరిన గంటలకు వేరే. పాఠం ధర పన్నెండు పౌండ్లు పెరిగింది. ఆ నెల ఇద్దరు శిష్యులు మానేశారు, తక్కినవాళ్లు ఉండిపోయారు. ఎలినెడ్ ధనవంతురాలు కాలేదు. కానీ వాన చప్పుడుకి లేచిన పొద్దుల్లో గుండె జారడం మానేసింది. దరఖాస్తు పొయ్యిలోకి పోయింది.

కొత్త ఏర్పాటును శిష్యులకు చెప్పిన రోజున గ్వెండా అన్న మాట క్లబ్బులో అందరికీ గుర్తుండిపోయింది. "పని మీద ఇష్టం పనిచేసేవాళ్ల సొంతం. దాన్ని వాళ్ల కూలిలోంచి తగ్గించుకునే హక్కు మనకి లేదు. ఇది నేను ముప్ఫై ఏళ్ల కిందటే నా కోసం అడగాల్సింది."

మే నెలలో గాలి సద్దుమణిగిన ఒక ఉదయం, హెవిన్ విమానాన్ని మూడుసార్లు చక్కగా దింపిన తరువాత, ఎలినెడ్ ఆయన్ని గడ్డి అంచున ఆపమంది. నడుము పట్టీ విప్పుకుంది.

"ఎక్కడికి?" అన్నాడాయన.

"దిగిపోతున్నా. ఈసారి మీరొక్కరే."

ఆయన ముఖం తెల్లబడింది. "మరి నువ్వేం చేస్తావు?"

"మీరు దిగేదాకా ఈ గడ్డిలో నిలబడి చూస్తూ ఉంటాను. మా పనిలో అన్నిటికంటే కష్టమైన గంట ఇదేనండి."

ఆమె రెక్క మీదికి అడుగు వేసింది. హెవిన్ ఒక్క క్షణం ఆమెను చూసి, చెయ్యి చాచి, లోపలి నుంచి తలుపు మూసుకున్నాడు.