అమావాస్య ఆర్డరు

పొద్దున ఏడు గంటల బస్సుకు సంగనకల్లు నుంచి బళ్లారికి పోవడం, దినమంతా జీన్సు ప్యాంట్లకు జేబులు కుట్టడం, దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరడం. నేత్రావతి బతుకు ఇంతే. ఆ కార్ఖానాకు ఆదివారం కూడా సెలవు లేదు. నెలకొక్కసారి, అమావాస్య నాడు, మిషన్లకు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టి అందరినీ ఇండ్లకు పంపిస్తారు.

ఆ సెలవే ఆమె కొంప ముంచింది. విడాకులప్పుడు కోర్టు ఏడేళ్ల మంజుశ్రీని తండ్రి తిరుమలేష్‌కు అప్పగించి, తల్లి ఏ రోజు చూసుకుంటుందో చెప్పమంది. "అమావాస్య పొద్దు సామీ, ఆ పొద్దే నాకు రజా" అనేసింది. మా పక్క అమావాస్యంటే మంచి రోజు. బండి కొన్నా, దేవుని దగ్గరికి పోయినా ఆ పొద్దే. తిరుమలేష్ వాళ్లు కోస్తా నుంచి వచ్చి తెక్కలకోట పక్కన కాలవ కింద వరి పండించే క్యాంపోళ్లు. వాళ్లకు అదే చెడ్డ రోజని ఎనిమిదేళ్లు కాపురం చేసినామెకు తెలియదా? తెలుసు. ఆ గడియకు బుద్ధి గడ్డి తినింది.

ఆర్డరంటే ఆర్డరే కదా. జడ్జి సంతకం పడిన పొద్దు నుంచి అమావాస్య నాడు తప్ప బిడ్డ ఆమె కంటికి కనపడదు. ఊరందరికీ కనపడుతుంది, కన్నతల్లికి తప్ప. దీన్ని ఎవరూ వింతనుకోలేదు. "మా తమ్మునికి రెండో శనివారమే కనపడతాడు కొడుకు. ఓర్చుకోల్యా?" అని పక్క మిషను నింగమ్మ సర్ది చెప్పింది.

మొదటి అమావాస్యకు పట్టులంగా కొనుక్కుని క్యాంపుకు పోయింది. అత్త హనుమాయమ్మ గుమ్మంలోనే ఆపింది.

"అమావాస్య పూట ఆడపిల్లని గడప దాటిస్తామా? మా ఇంటా వంటా లేదు."

"లోపలికే వచ్చి చూసి పోతానత్తా."

"ఇవాళ పైవాళ్లు లోపలికి రాకూడదమ్మా. రేపు రా, ఎంతసేపైనా కూర్చో."

రేపంట! ఎంత తీయగా అనింది మహాతల్లి.

ఒక దినం కూలి పోగొట్టుకుని మరుసటి రోజూ పోయింది నేత్రావతి. గాజుల చప్పుడు వినపడింది. ఒళ్లో బరువు తెలిసింది. తడుముకుంటా జడ వేసింది.

"అమ్మా, నాకు కొత్త పన్నొచ్చింది, చూడు."

నేత్రావతి గొంతు వచ్చిన దిక్కుకు నవ్వింది. "అటు కాదు, ఇటు" అని బిడ్డ ఆమె గదుమ పట్టి తిప్పింది. ఎంత తిప్పినా తల్లి చూపు వెనకున్న గోడ మీదే ఆగింది.

పదకొండు అమావాస్యలు అట్లే గడిచినాయి. కూలి పోతే పోనీ, ప్రతి ఆదివారానికి మార్చమని ఆమె లాయరు చిదానంద అర్జీ వేసినాడు. "మేమెప్పుడూ ఆపలేదు, ఆ ఒక్క రోజే వద్దన్నాం" అని తిరుమలేష్ చేతులు కట్టుకుని చెప్పినాడు. విచారణ రోజు తల్లీబిడ్డలను ఒకే బెంచీ మీద కూర్చోబెట్టినారు. జడ్జి మంచాయన, మెల్లగా అడిగినాడు.

"వారం వారం అమ్మ దగ్గరికి పోతావా పాపా?"

నేత్రావతి బిడ్డ చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఒక్క 'ఊ' అంటే చాలు, వారానికొకసారి కళ్లారా చూసుకోవచ్చు.

మంజుశ్రీ తల్లి మొహంలోకి చూసింది.

"వద్దు సార్. అమ్మ నన్ను చూడదు. నాన్నమ్మ చూస్తుంది."

"అది ఆర్డరు వల్ల తల్లీ" అన్నాడు చిదానంద.

"తెలుసు. అయినా చూడదు కదా."

జడ్జి రాసుకున్నాడు. బిడ్డకు ఇష్టం లేదు గనక, పద్దెనిమిదేళ్లు నిండేదాకా పాత ఆర్డరే.

నేత్రావతి చెయ్యి వదిలి కొంగుతో మొహం తుడుచుకుంది. ఏడిస్తే బిడ్డ బెదురుతుందని, అది కూర్చున్న పక్కకు తిరిగి నిదానంగా చెప్పడం మొదలుపెట్టింది. "నాకేం కోపం లేదు కన్నా. నువ్వు ఎంత పొడుగైనావో నా చేతులకు తెలుస్తాది. పన్ను సొట్టగా వచ్చిందా, సక్కగా వచ్చిందా? నాకు చెప్పల్ల, ఏం?"

కోర్టు జవాను వచ్చి భుజం తట్టినాడు.

"యవురితో మాట్లాడతాండావమ్మా? పాప అప్పుడే కారెక్కి పాయ. లెయ్, ఇంకో కేసోళ్లు కూర్చోవల్ల."