గులాబీలు భద్రం

నేను ఇళ్ల ప్లాన్లు గీస్తాను. నిన్న కంప్యూటర్ హార్డ్‌డిస్క్ చచ్చినా కంగారు పడలేదు. రెండేళ్ల కిందటే మా ఆయన బ్యాకప్ సాఫ్ట్‌వేర్ పెట్టి, "కొంప తగలబడ్డా నీ ఫైళ్లు క్లౌడ్‌లో పదిలం" అని రొమ్ము విరుచుకున్నాడు మరి.

మెకానిక్ తన ల్యాప్‌టాప్‌లో మా క్లౌడ్ తెరిచాడు. తెర నిండా గులాబీలు! పొగలు కక్కే కాఫీ కప్పులు, పొడుచుకొచ్చే సూర్యుళ్లు, అన్నింటి మీదా "శుభోదయం". మా ఆయన తన ఫోన్ని కూడా ఆ ఖాతాకే తగిలించాడట. పొద్దున్నే వచ్చిపడే ప్రతి చెత్తబొమ్మా అందులో చేరి, ఏడు నెలల కిందటే చోటు నిండిపోయింది. ఆ తర్వాత నేను గీసిన ఒక్క ప్లానూ అక్కడికి చేరలేదు. కంచె వేస్తానన్నవాడే చేలోకి గాడిదల్ని తోలాడు.

"చోటు లేదని రోజూ హెచ్చరిక వచ్చి ఉండాలే!" అన్నాడు మెకానిక్.

"వచ్చేది. ఏదో ప్రకటన అనుకుని మూసేసేవాణ్ణి," అన్నాడు మా ఆయన, తాపీగా.

"ఆ గులాబీలన్నీ ఊడ్చి పారెయ్ బాబూ," అన్నాను.

"అయ్యో, మా పెద్దబావగారు పంపినవి కూడా ఉన్నాయే!" మా ఆయన గొంతులో అప్పుడు పుట్టింది కంగారు.

"భయపడకండి సార్," అన్నాడు మెకానిక్. "తీసేసినా ముప్పై రోజులు చెత్తబుట్టలో ఉంటాయి. ఒక్కటి కూడా పోకుండా వెనక్కి తెచ్చుకోవచ్చు."

మా ఆయన మొహం విప్పారింది. నావైపు తిరిగాడు.

"చూశావా? బ్యాకప్ అంటే అదీ!"