మేస్త్రీ పిలుపు గంట

వైరింగ్ మేస్త్రీకి పక్షవాతం వచ్చి నలభై రోజులైంది. కుడిచెయ్యి, మాట రెండూ పోయాయి. అప్పట్నుంచి ఆయన భార్య మంచం పక్కనుంచి కదలడం లేదు. పిలవలేని మనిషిని వదిలి ఎలా వెళ్తుంది? పూజగది గడప తొక్కి ఎన్నాళ్లయిందో. కూర్చున్నచోటే దణ్ణం పెట్టుకుంటోంది. అది చూసినప్పుడల్లా మేస్త్రీ ప్రాణం ఉసూరుమనేది.

ఏడో తరగతి చదివే మనవరాలు ఒక ఉపాయం ఆలోచించింది. మంచం పట్టెకు మీట, వంటింటి గోడకు గంట. నానమ్మకు చెవులు కాస్త మందం కాబట్టి గంట పక్కనే బల్బు. తలుపులోంచి మేస్త్రీకి అన్నీ కనిపిస్తున్నాయి.

"నొక్కు తాతయ్యా!"

ఎడమచేత్తో నొక్కాడు. బల్బు మిణుకుమంది. గంట మాత్రం ఉలకలేదు, పలకలేదు.

"నీ గంటకు నాకంటే చెవుడే!" అంది నానమ్మ.

"బ్యాటరీలు కొత్తవే నానమ్మా..." పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

మేస్త్రీకి తప్పు అప్పటికే దొరికింది. బ్యాటరీ నుంచి బల్బుకు, బల్బు నుంచి గంటకు, గంట నుంచి మళ్లీ బ్యాటరీకి ఒకటే వైరు నడుస్తోంది. చెబుదామంటే నాలుక మొద్దులా పడి ఉంది. దగ్గరికి రమ్మని సైగ చేసి, మిగిలిన వైరు చుట్టను పిల్ల ఒళ్లోకి తోశాడు.

"ఇంకా వాడాలా? జానెడు వైరు కూడా దండగ చెయ్యొద్దని నువ్వేగా అంటావు! అందుకే ఒక్క వరసలో కట్టేశా."

మేస్త్రీకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తన పొదుపే తన గంట నోరు నొక్కేసింది. పిల్ల అరచేతిలో వేలితో ఒక గీత గీశాడు. దాన్ని రెండుగా చీల్చి, మళ్లీ ఒకటిగా కలిపాడు.

"రెండు దార్లా? ఓహో! వెనకా ముందూ ఉంటే బ్యాటరీ బలాన్ని రెండూ పంచుకోవాలి. ఎవరి దారి వాళ్లకిస్తే రెండిటికీ నిండుగా అందుతుంది. బళ్లో చెప్పారు, మర్చేపోయా!"

మీటను దారి చీలకముందే ఉంచి, బల్బుకూ గంటకూ వేరువేరుగా వైర్లు కట్టింది. మేస్త్రీ నొక్కాడు. బల్బు ధగధగలాడింది. గంట ఇల్లెగిరిపోయేలా మోగింది.

"అమ్మో, ఉన్న కాస్త చెవులూ పోయేలా ఉన్నాయి! ఏమండీ, మరి వెళ్లిరానా?"

వెళ్లమని తలూపాడు. కాసేపటికి పూజగదిలోంచి ఆమె గొంతు సన్నగా వినిపించింది. ఎందుకో ఆగలేక మీట నొక్కాడు. ఆమె పరుగెత్తుకొచ్చింది.

"ఏమైంది? నీళ్లా? దుప్పటా?"

ఏమీ వద్దన్నట్టు తల ఊపాడు.

"ఊరికే పిలిచారా! పెళ్లయిన కొత్తలోనైనా ఇలా పిలిచారా మీరు?" కోపం నటించబోయి, కూర్చుని ఆయన నుదురు నిమిరింది. "సగంలో లేచొచ్చానండీ. దేవుడికి కోపం వస్తుందంటారా?"

మేస్త్రీ ఆలోచించాడు. పిలిస్తే పలకమనే కదా ఇన్నాళ్లూ ఈవిడ ఆ దేవుణ్ణి వేడుకుంది. పిలిస్తే పలికే ఆ పని ఈవిడే చేస్తే దేవుడికి కోపం దేనికి? రాదన్నట్టు తల అడ్డంగా ఊపి, పూజగది వైపు చూపించాడు.

ఆమె మళ్లీ వెళ్లింది. ఆ గొంతు ఆగేదాకా మేస్త్రీ తన చేతిని మీట మీద పెట్టలేదు, గుండెల మీదే ఉంచుకున్నాడు.