ఆరు తీగల గీజర్

ఆ బ్యూటీ పార్లర్ బోర్డు మీద ఏదో స్టయిలైన పేరు ఉంది గానీ ఆ పేరుతో పిలిచినవాళ్ళు ఎవరూ లేరు. వీధిలో అందరికీ అది తోడికోడళ్ళ షాపే. లోపలికి అడుగుపెట్టగానే కుడివైపు జుట్టు, ఎడమవైపు గోళ్ళు. జుట్టు పెద్దకోడలి రాజ్యం, గోళ్ళు చిన్నకోడలి రాజ్యం. ఒకే ఇంట్లో కాపురం, ఒకే షాపులో పని కాబట్టి పోట్లాడుకోవడానికి ఇద్దరూ ప్రత్యేకంగా తీరిక చేసుకోనక్కర్లేదు. పని చేస్తూనే కానిచ్చేస్తారు.

చిన్నకోడలి భర్తకి ఒకప్పుడు గిటారు పిచ్చి పట్టింది. ఆఫీసులో ఎవరో అమ్ముతుంటే తెచ్చుకున్నాడు. వారం తిరక్కుండానే పిచ్చి వదిలింది. గిటారు మాత్రం పడకగది తలుపు వెనక మిగిలిపోయి, ఆయన విప్పిన చొక్కాలు మోస్తూ నిలబడింది. ఒక ఆదివారం చిన్నకోడలు ఉతకడానికి చొక్కా లాగితే చేతి బొత్తం తీగకి తగిలి 'టంయ్' మంది. ఆమె ఆగింది. చొక్కా మళ్ళీ వేసి మళ్ళీ లాగింది. మళ్ళీ 'టంయ్'. ఆ రోజు బట్టలు ఉతకడం సాయంత్రానికి వాయిదా పడింది.

నేర్పేవాళ్ళు ఎవరూ లేరు. అడగడానికి సిగ్గు. అందుకని ఫోన్లో వీడియోలు వెతికింది. అందులో టోపీ పెట్టుకున్న ఒకాయన ఎప్పుడు చూసినా నవ్వుతూ, "ఇది చాలా తేలిక" అనేవాడు. అని, కార్డ్ పట్టుకునేవాడు. కార్డ్ అంటే రెండు మూడు వేళ్ళతో వేర్వేరు తీగల్ని ఒకేసారి నొక్కిపట్టి, మొత్తం తీగల్ని ఒక్క ఊపులో మీటడమని ఆమెకి అర్థమైంది. ఏ వేలు ఎక్కడ పెట్టాడో చూసేలోపు ఆయన తర్వాతి కార్డ్‌లోకి దూకేసేవాడు. వీడియో ఆపుదామంటే ఒక చెయ్యి తీగల మీద, రెండోది గిటారు పొట్ట మీద. ఇంకో చెయ్యి ఎక్కణ్ణుంచి తెచ్చుకునేది? చివరికి ముక్కుతో ఆపడం నేర్చుకుంది. గిటారుకంటే ముందు ఆ విద్యే వచ్చింది.

అసలు చిక్కు గోళ్ళతో వచ్చింది. వేలు తీగని తాకకముందే గోరు వెళ్ళి కర్రకి కొట్టుకునేది. తీగ పలకడం మానేసి జిరజిరమనేది. ఆ గోళ్ళు చూస్తే మామూలువి కావు. ముత్యాల్లాంటి పొడుగాటి గోళ్ళు, ప్రతి వారం కొత్త రంగు. గాజు తలుపు అవతల నిలబడి తటపటాయించే ఆడవాళ్ళకి ఆమె చెయ్యి ఊపితే చాలు, లోపలికి వచ్చి కూర్చునేవారు. అవి తీసేయడమంటే బోర్డు పీకేయడమే. రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు కళ్ళు మూసుకుని ఎడమచేతి గోళ్ళు నాలుగూ కత్తిరించేసింది. నేల మీద పడ్డ ముక్కల్ని చూస్తే ఏడుపొచ్చింది. తర్వాత తీగ నొక్కితే అది శుభ్రంగా, నిండుగా పలికింది. ఏడుపు మధ్యలోనే ఆగిపోయింది.

మర్నాటి నుంచి ఆ నాలుగు వేళ్ళకీ కృత్రిమ గోళ్ళు అంటించుకుని పనిలోకి దిగింది. మధ్యాహ్నం పెద్దకోడలు భోజనానికి ఇంటికెళ్ళి ఓ కునుకు తీసి వస్తుంది. ఆ కాస్త సేపు షాపు వెనక గది చిన్నకోడలిదే. ఇంటి నుంచి తెచ్చి తువాళ్ళ బీరువా వెనక దాచిన గిటారు తీసి, గోళ్ళు ఊడబెరికి, రెండే రెండు కార్డ్‌లతో కుస్తీ పట్టేది. ఒకటి పట్టుకోవడం వచ్చింది, రెండోదీ వచ్చింది. ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్ళడమే రాలేదు. మధ్యలో వేళ్ళన్నీ దారి తప్పిన గొర్రెల్లా తలో దిక్కూ పోయేవి. వాటిల్లో ఉంగరం వేలైతే ఒట్టి పనిదొంగ. పక్కవేలు లేస్తేగాని తను లేవదు. వేలి కొసలు మండేవి, ఆ మంట మీద మళ్ళీ జిగురు, ఆ జిగురు మీద మళ్ళీ గోరు.

ఒక రోజు పెద్దకోడలు కునుకు రాక తొందరగా వచ్చేసింది. తలుపు గంట మోగగానే చిన్నకోడలు గిటారు దాచేసి బయటికి వచ్చింది.

"వెనకాల ఆ మూలుగేమిటే?" అంది పెద్దకోడలు.

"గీజరేమో అక్కా."

నోటికి ఏది వస్తే అది అనేసింది. ఆ తర్వాత ఎప్పుడు పెద్దకోడలు పెందలాడే వచ్చినా గీజర్ మూలుగుతూనే ఉంది. "ఇది ఏదో ఒక రోజు పేలి మనిద్దర్నీ పొట్టనబెట్టుకుంటుంది" అని భయపడి, చెప్పాపెట్టకుండా ప్లంబర్‌కి కబురు పెట్టేసింది పెద్దకోడలు.

ఆయన వచ్చేసరికి చిన్నకోడలు బ్యాంకు మేడమ్ చేతికి రెండో పూత రంగు వేసి, ఆ చెయ్యి పట్టుకుని ఊదుతోంది. ఆ మేడమ్ బ్యాంకులో ఎవర్నీ నవ్వనివ్వదని పేరు. ప్లంబర్ సంచీ భుజాన వేసుకుని తిన్నగా వెనక గదివైపు నడిచాడు.

"అయ్యో, అటెందుకూ!" అంటూ చిన్నకోడలు ఎగిరి లేచింది. ఆ ఊపుకి ఆమె గోరు ఒకటి ఊడి మేడమ్ అరచేతిలో పడింది.

"నా గోరు!" అని కేక పెట్టింది మేడమ్. తర్వాత తన వేళ్ళు ఒక్కొక్కటే చూసుకుంది. పదీ ఉన్నాయి. "మరి ఇది ఎవరిది?"

జవాబు చెప్పేలోపు వెనక గదిలోంచి ప్లంబర్ తల బయటికి వచ్చింది.

"అమ్మా, గీజర్‌కేం రోగం లేదు. ఇదిగో, దీనికి తీగలు ఆరున్నాయి" అని గిటారు ఎత్తి చూపించాడు.

పెద్దకోడలు చేతిలో దువ్వెన, నోట్లో హెయిర్‌పిన్ను. పిన్ను తీసి మరీ అంది: "ఏమిటే ఇది?"

"గిటారు అక్కా."

"అది నాకూ కనిపిస్తోంది. చెయ్యి చూపించు."

చిన్నకోడలు చెయ్యి చాపింది. మూడు గోళ్ళు పొడుగ్గా, ఒకటి మొండిగా. వేలి కొసలన్నీ కాయలు కట్టి ఉన్నాయి. పెద్దకోడలు ఆ కొసల్ని బొటనవేలితో తడిమి చూసింది. "ఇంత నెప్పి పడుతూ నాతో ఒక్క ముక్క చెప్పలేదేమే? నేనేమన్నా రాక్షసినా?"

"నవ్వుతావని."

"నవ్వనా మరి!" అంది పెద్దకోడలు, నవ్వకుండానే.

మధ్యలో బ్యాంకు మేడమ్ గొంతు సవరించుకుంది. "నా రంగు ఆరడానికి ఇంకా టైముంది. ఫోను పట్టుకోలేను. అదేదో వాయించు, విందాం."

తప్పించుకునే దారి లేదు. చిన్నకోడలు మిగిలిన గోళ్ళు పీకేసి కూర్చుంది. మొదటి కార్డ్ మోగింది. తర్వాత చాలాసేపు నిశ్శబ్దం.

"ఆగిపోయిందేం?"

"వేళ్ళు వెతుక్కుంటున్నానండీ."

రెండో కార్డ్ మోగింది. మేడమ్ ముఖం వంకర పోయింది. చెవులు మూసుకుందామని చేతులెత్తింది, తడి రంగు గుర్తొచ్చి మళ్ళీ గాల్లోనే చాపి కూర్చుంది. ప్లంబర్ మాత్రం సంచీ దించి, గుమ్మానికి జేరబడి, పెళ్ళి కచేరీకి వచ్చినవాడిలా తల ఊపాడు.

"మూడో తీగ శ్రుతి దిగిపోయింది" అంది పెద్దకోడలు, అటు తిరిగి ఎవరి జుట్టో దువ్వుతూనే.

"నీకెలా తెలుసు అక్కా?"

"ఇన్నాళ్ళుగా వింటున్నా కదా నీ గీజర్ని! విన్నప్పుడల్లా అక్కడే అపస్వరం. కాస్త బిగించు. ఇంకాస్త. ఊఁ, చాలు, చాలు, తెగుతుంది!"

తీగ బిగించే బిరడా తిప్పి మళ్ళీ మీటింది చిన్నకోడలు. ఈసారి మేడమ్ ముఖం విప్పారింది. బ్యాంకువాళ్ళు ఎవరైనా చూసుంటే సెలవు ప్రకటించి ఉండేవారు.

అక్కణ్ణుంచి దాపరికం పోయింది గానీ ప్రశాంతతా పోయింది. గోళ్ళకి రంగు వేయించుకున్న ప్రతి మనిషీ అది ఆరేదాకా కదలడానికి వీల్లేదు కాబట్టి శ్రోతలకి లోటు లేదు. నేర్పేవాళ్ళు లేరని మొదలుపెట్టిన మనిషికి ఇప్పుడు వచ్చినవాళ్ళంతా గురువులే. ఒకావిడ నెమ్మదిగా వాయించమనేది, పక్కావిడ నిద్రొస్తోంది త్వరగా కానివ్వమనేది. వాళ్ళలో ఎవరికీ గిటారు రాదు. పెద్దకోడలు సంగతి చెప్పనే అక్కర్లేదు. డ్రయ్యర్ హోరులో కూడా ఆమె చెవి పని చేసేది. కుడివైపు నుంచి "తప్పు" అని వినిపిస్తే ఎడమవైపు చెయ్యి ఆగిపోవలసిందే.

"నువ్వు దువ్వుతుంటే నేనెప్పుడైనా తప్పన్నానా అక్కా?"

"అను, చూద్దాం."

చిన్నకోడలు అనలేదు. ఆ రాత్రి కోపంతో మాట్లాడనూ లేదు. పొద్దున్న షాపుకి వచ్చేసరికి గిటారు తువాళ్ళ బీరువా వెనక లేదు. ముందు గదిలో, రంగు సీసాల అలమర పక్కన, మెత్తటి తువాలు పరిచిన స్టూలు మీద కూర్చుని ఉంది. పెద్దకోడలు దాని ఊసే ఎత్తకుండా అద్దాలు తుడుస్తోంది. చిన్నకోడలి కోపం ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు.

కొన్నాళ్ళకి చిన్నకోడలి భర్త ఆఫీసు నుంచి తిన్నగా షాపుకి వచ్చాడు. "మా ఆఫీసులో ఒకతను గిటారు కావాలంటున్నాడు. ఇచ్చేస్తానని మాటిచ్చేశా" అన్నాడు, చాలా మామూలుగా.

చిన్నకోడలు రంగు సీసా వదిలి గిటారు పక్కకి జరిగింది. పెద్దకోడలు కత్తెర కింద పెట్టి ముందుకొచ్చింది.

"ఏమయ్యా మరిదీ, ఎవరి గిటారు?"

"నాదే వదినా. నేనే కదా తెచ్చింది."

"అయితే ఒక పాట వాయించి పట్టుకుపో."

ఆయన మీసం దువ్వి కూర్చున్నాడు. తీగ నొక్కాడు. "అమ్మో, ఇది కోస్తోందేమిటి!" అని వేలు నోట్లో పెట్టుకున్నాడు.

"ఇప్పుడు నువ్వు వాయించవే" అంది పెద్దకోడలు.

చిన్నకోడలు గిటారు అందుకుంది. పిల్లల్ని నిద్రపుచ్చే చిన్న పాట అది, రెండు కార్డ్‌ల్లో సరిపోతుంది. మొదటి మలుపు దగ్గర వేళ్ళు సక్రమంగా దిగాయి. రెండో మలుపు దగ్గర ఉంగరం వేలు మొండికేసింది. పాట ఆగబోయింది. సరిగ్గా అప్పుడు కుడివైపు నుంచి పెద్దకోడలు ఆ పాటని సన్నగా అందుకుని, వేలు దొరికేదాకా లాగి, మళ్ళీ తోడికోడలి చేతిలో పెట్టింది. పాట చివరిదాకా వెళ్ళింది. చిన్నకోడలు తలెత్తలేదు, ఎత్తితే కళ్ళనీళ్ళు కనిపిస్తాయని.

భర్త నోట్లోంచి వేలు తీశాడు. "ఎప్పుడు నేర్చుకున్నావు? ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు" అంది చిన్నకోడలు. కుడివైపు చూసి, "అంటే... తప్పుల్ని మాత్రం అక్క నేర్పింది" అని సవరించుకుంది.

ఆయన ఆఫీసతనికి ఏం సర్దిచెప్పుకున్నాడో గానీ ఆ గిటారు ఊసు మళ్ళీ ఎత్తలేదు.

ఆ వారమే షాపు ఖాళీగా ఉన్న ఒక మధ్యాహ్నం ఇద్దరూ ఫోను ముందు కూర్చున్నారు. టోపీ మనిషి కొత్త పాఠం మొదలుపెట్టాడు: చూపుడు వేలు ఒక్కదాన్నే అడ్డంగా పరిచి ఆరు తీగల్నీ ఒకేసారి నొక్కాలి, మిగతా వేళ్ళు వాటి పని అవి చూసుకోవాలి. "ఇది చాలా తేలిక" అన్నాడు నవ్వుతూ.

"వీడి మొహం! మనిషి వేలేనా అది?" అంది పెద్దకోడలు.

చిన్నకోడలు పళ్ళు బిగించి నొక్కింది. మీటితే తలుపు మీద పిడికిలితో కొట్టినట్టు 'ధబ్' మంది. ఇంకా గట్టిగా నొక్కింది. ఇంకో 'ధబ్'.

పెద్దకోడలు కుర్చీ దగ్గరికి లాక్కుంది. "జరుగు" అని, తన వేలు ఆమె వేలి మీద పెట్టి, రెండూ కలిపి అదిమి పట్టింది. "ఊఁ, ఇప్పుడు కొట్టు."

చిన్నకోడలు మీటింది. ఆరు తీగల్లో నాలుగు పలికాయి.

"పలకని ఆ రెండూ నీ వైపువే" అంది పెద్దకోడలు.